ఖమరుద్దీన్ తీసిన ముప్పై ఒక్క వికెట్లు

కబురు వచ్చేసరికి సింధూజ చేతులు రెండూ గోధుమపిండిలో ఉన్నాయి. బియ్యం డబ్బా మీద పెట్టిన ఫోన్ వెలిగింది. మోచేత్తో నొక్కితే భర్త జితేందర్ పంపిన వాయిస్ మెసేజ్ ఆ చిన్న వంటగది నిండా మోగింది.

"సింధూ, కమిటీవాళ్లు షీల్డు చేయిస్తున్నరు. కప్పు వేరే, షీల్డు వేరే. పదమూడుకు పదమూడు గెలిచిన జట్టు ఈ లీగ్‌ల ఇంతవరకు లేదట. పదకొండు మంది పేర్లు ఇత్తడి రేకు మీద చెక్కిస్తరట. రేపు సాయంత్రమే ఇచ్చుడు. నీ స్కోరు బుక్కు పేజీలు ఫొటో తీసి సెక్రటరీకి పంపు. జల్దీ."

పిండి చేతులతోనే ఆ మాటలు మళ్లీ విన్నది. మూడోసారి విన్నప్పుడు వంటగదిలో ఒంటరిగా నిలబడి నవ్వుకుంది. పెళ్లయి అయిదు నెలలు, ఒమాన్ వచ్చి నాలుగు. ఈ నాలుగు నెలల్లో ఆమెను మురిపించనిదంటూ లేదు. పేపరు కప్పులో చిక్కటి చాయ్ కారు దగ్గరికే వచ్చేది. పరోటాలో చిప్స్ నలిపి చుట్టి ఇచ్చేవారు. బాల్కనీలోంచి నడుము వంచి ఎడమవైపు చూస్తే, రెండు మేడల సందులో అరచేయంత సముద్రం కనిపించేది. కానీ వీటన్నిటినీ మించింది శుక్రవారం పొద్దుటి క్రికెట్.

జితేందర్ ఆడే అల్ హైల్ జట్టు 1995లో పుట్టింది. సెంట్రింగ్ ప్లైవుడ్ ముక్కను బ్యాటుగా కోసుకుని, టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి, ఇసుకలో మొదలుపెట్టారు జగిత్యాల మేస్త్రీలూ, కడప, హైదరాబాదు సాయిబులూ కలిసి. దాదాపు ముప్పై ఏళ్లు ఆడారు. ముప్పై ఏళ్లలో ఒక్క కప్పు లేదు. అల్ హైల్‌తో ఆట పడితే అవతలి జట్టువాళ్లు తమ మంచి బౌలర్లకు సెలవిచ్చి పంపేవారట. అలాంటి జట్టు ఈ ఏడు ఏమైందో, ఎవరికీ తెలియదు. మొదటి శుక్రవారం అరవై రెండు పరుగుల లక్ష్యాన్ని నాలుగు ఓవర్లలో ఊదేసింది. అయిదో వారం ఖురియాత్ జట్టును పందొమ్మిదికి కూల్చింది. పదమూడు ఆటల్లో చివరి ఓవరు దాకా వెళ్లింది ఒక్కటే. మొన్నటి ఫైనల్లో సువైక్ జట్టు మీద పది ఓవర్లలో నూట నలభై ఒకటి కొట్టి, వాళ్లను యాభై ఎనిమిదికి చుట్టేసింది.

సింధూజ కరీంనగర్‌లో స్టాటిస్టిక్స్ చదివింది. వాళ్ల లెక్చరర్‌కు అమెరికా బేస్‌బాల్ అంకెలంటే పిచ్చి. 1927 నాటి న్యూయార్క్ యాంకీస్ అనే జట్టు గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవారు, దేవుడి గదిలో మాట్లాడినట్టు. నూట పది గెలిచి నలభై నాలుగు ఓడారు, ఆఖరి పోరులో నాలుగుకు నాలుగు గెలిచారు, అలాంటి ఏడాది ఇంకో జట్టుకు దొరకడం కష్టం అనేవారు. గ్రౌండు చివర కారులో కూర్చుని స్కోరు రాస్తున్నప్పుడు సింధూజకు ఆ మాట గుర్తొచ్చేది. వాళ్లు కూడా నలభై నాలుగు ఓడారు. వీళ్లు ఒక్కటీ ఓడలేదు. పగలంతా టైల్స్ వేసి, పైపులు మోసి, ట్యాంకర్లు నడిపి, వారానికి ఒక్క పొద్దున దొరికితే వచ్చి ఆడేవాళ్లు. ఎనిమిదో ఆట అయ్యాక ఆమె భర్తతో, "వీళ్లు మామూలు మనుషులేనా?" అని అడిగింది. హాస్యానికి కాదు. నిజంగానే అడిగింది.

చేతులు కడుక్కుని, పదమూడు పేజీలూ కిటికీ వెలుగులో ఒక్కొక్కటే ఫొటో తీసి పంపింది. ఎవరెన్ని పరుగులు, ఎవరెన్ని వికెట్లు, మొత్తం లెక్క కట్టి వేరే కాగితం మీద రాసి అదీ పంపింది. అన్నిటికంటే పైన: దేవయ్య, 412 పరుగులు, 37 సిక్సర్లు. దాని కింద: ఖమరుద్దీన్, 26 ఓవర్లు, 31 వికెట్లు.

జితేందర్ స్టోర్ డ్యూటీ ముగించుకుని వచ్చి బూట్లు విప్పుతుండగా ఫోన్ మోగింది. లీగ్ సెక్రటరీ. సింధూజ స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నేను ఖమరుద్దీన్‌ను మాట్లాడతాండా. ఒక మాట అడుగుతా, తప్పనుకోవద్దు. ఈ ఖమరుద్దీన్ ఎవురు?"

"మీరే కదండీ. ఇప్పుడే చెప్పారు."

"నేను గాదమ్మా, నీ బుక్కులో ఉండే ఖమరుద్దీన్. ముప్పై ఒక్క వికెట్లు తీసినాడని రాసిండావు."

"ఆయనా? ట్యాంకర్ అన్న. ఎడమచేత్తో వేస్తారు."

"ట్యాంకరోడికి అమ్మానాయనా పెట్టిన పేరు లేదా?"

సింధూజ భర్త వైపు చూసింది. అతను ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"ట్యాంకర్ పేరు గంగారాం," అన్నాడు మెల్లగా. "సింధూ, నీకు తెల్వదా? మరి పేర్లు యాడికెల్లి రాసినవ్?"

"వాళ్ల వీపుల మీద చూసి."

కారులోంచి ఆమెకు కనిపించేవి వీపులే. గ్రౌండులో ఎవరూ ఎవరినీ పేరుతో పిలవరు. టైల్స్, ట్యాంకర్, ఏసీ, వెల్డింగ్ అని పనిని బట్టి పిలుచుకుంటారు. పేరు కావాలంటే జెర్సీ వెనక ఇంతేసి అక్షరాల్లో ఉండనే ఉంది. మూడో వారంలో టైల్స్ అన్నకు చాయ్ అందిస్తూ "తీసుకో దేవయ్యన్నా" అంటే, ఆయన చక్కగా తీసుకుని తాగాడు కూడా.

జితేందర్ నుదురు రుద్దుకున్నాడు. "అవి వాళ్ల పేర్లు గావు. మొదటి పదకొండు మందియి. ఎవరికన్న వీసా అయిపోయి ఎగ్జిట్ పడి ఇంటికి పోతే, ఆఖరి శుక్రవారం ఆడి, జెర్సీ ఉతికి ఇస్త్రీ చేసి తర్వాత వచ్చేటోనికి ఇచ్చి పోతడు. చినిగితే కొత్తది కుట్టిస్తం, కానీ పేరు అదే కొట్టిస్తం. గది మా పద్ధతి. దేవయ్య జెర్సీ ఇప్పుడు షఫీ మీదుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెల్సే రాస్తున్నవనుకున్న. కమిటీకి ఇన్నొద్దులు అంకెలే పంపినం, పేర్ల సంగతి యాదికి రాలే. ప్రతి వారం వాట్సాప్ గ్రూపుల నీ పేజీలు చూసి మావోళ్లంత మస్తు మురిసిండ్రు. వదినమ్మ మన పద్ధతి పాటిస్తుందన్నరు."

"మరి మీ వీపు మీద రాజలింగం అని ఉంటే నేను జితేందర్ అనే రాశాను కదా. అప్పుడైనా అడగొద్దా?"

"గది ప్రేమ అనుకున్న."

"నేనేమో మీరు ఎవరి బట్టలో వేసుకొచ్చారనుకున్నాను. పెళ్లి రిసెప్షన్‌కు మీ అన్న కోటు వేసుకొచ్చారుగా."

ఫోన్లో దగ్గు వినిపించింది. సెక్రటరీ ఇంకా అక్కడే ఉన్నాడు.

"మీ సంసారం తర్వాత సూసుకోండి. రూలు ఏమో తెలుసు గదా జితేందర్? రెండేండ్ల కిందట బయటోళ్లను తెచ్చి దొంగ పేర్లతో ఆడించినారు. రెసిడెంట్ కార్డు మీద ఉండే పేరు స్కోరు బుక్కులో లేకుంటే ఆ ఆట ఓడినట్టేనని రూలు పెడితిమి. ఆ రూలు రాసింది నేనే. పదమూడు పేజీలూ ఇంతే ఉండాయి. ఇట్లనే కమిటీకి పంపితే కప్పు సువైక్ వాళ్లకు పోతాది. సాయంత్రం మగ్రిబ్ నమాజు అయినాక కమిటీకి చెప్పాల నేను. ఆలోపల బుక్కు తీసుకొని షాపుకు రాండి."

కారులో సింధూజ ఒళ్లో బుక్కు ఉంది. పదమూడు పేజీల్లో ఒక్క కొట్టివేత లేదని నిన్నటిదాకా గర్వపడింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి గెలిచిన కప్పు. మైదానంలో పదమూడు జట్లు... కాదు, పదకొండు జట్లు పదమూడుసార్లు ప్రయత్నించీ లాక్కోలేకపోయిన కప్పు. దాన్ని ఆమె కారులో కూర్చుని, ఏసీ వేసుకుని, నీలం పెన్నుతో పోగొట్టింది.

"టైల్స్ అన్నకు చెప్పారా?" అంది చివరికి.

"ఎవరికీ చెప్పలే. చెప్తే నిన్నేమనరు. గదే నాకు ఎక్కువ బాధ."

ఖమరుద్దీన్‌ది అల్ హైల్‌లో దిష్‌దాషాలు, అంటే ఒమానీలు వేసుకునే పొడుగు అంగీలు కుట్టే షాపు. మెడలో టేపుతో, ముక్కు చివర కళ్లద్దాలతో, యాభై దాటిన మనిషి మిషన్ వెనక కూర్చుని ఉన్నాడు. లేచి సింధూజకు స్టూలు వేశాడు. బుక్కు తీసుకుని మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టాడు.

"తప్పు నాదండీ," అంది సింధూజ. "ఆడినవాళ్లది ఏ తప్పూ లేదు. పరుగులన్నీ నిజమే, వికెట్లన్నీ నిజమే. పేర్లు ఒక్కటే..."

"పేర్లు ఒక్కటే అంటే ఎట్లమ్మా? రేపు ఇంకోడు వచ్చి ఇదే మాట అంటాడు. ఇప్పుడు ఈ దేవయ్య ఉండాడు. నాకు బాగా తెలిసినోడు, నాతో ఆడినోడు. తొమ్మిదేండ్లయింది ఎగ్జిట్‌లో పోయి. నాలుగు వందల పన్నెండు కొట్టినాడని నేను సంతకం పెట్టాల్నా?" ఫోన్ తీసి నంబరు వెతికి స్పీకర్ పెట్టాడు. "ఉండు, వాన్నే అడుగుతా."

జగిత్యాల దగ్గరి ఊళ్లో ఫోన్ ఎత్తింది దేవయ్య భార్య శాంతవ్వ.

"ఎవరు? ఖమరన్ననా? బాగున్నవా అన్నా? మా ఆయన పెరట్ల బర్రెకు నీళ్లు పెడుతుండు. మోకాళ్ల నొప్పులని వంగ చాతగాదు గని, అక్కడ సిక్సులు కొడుతుండట గదా."

ఖమరుద్దీన్ కళ్లద్దాలు తీశాడు. "నీకెట్ల తెలుసు చెల్లే?"

"ఎట్ల తెల్వది? మా అల్లుని ఫోన్ల ప్రతి శుక్రారం ఒక కాయితం వస్తది. పొల్లగాళ్లు దాన్ని ప్రింటు తీసి మంగలి దుకాణంల అంటిస్తరు. శనారం పొద్దుగాల ఈయన గడ్డం లేకున్న గడ్డం గీయించుకోను పోతడు. ముప్పై ఏడు సిక్సులని ఊరంత జెప్పుకుంట తిరుగుతుండు. నేనన్న, ఏందయ్యా, నువ్వు ఈడ మంచం దిగుతలేవు, ఆడ గంతగనం కొట్టిన పోరడు ఎవడో పాపం అని. ఆయనేమన్నడో తెల్సా? 'ఆ చొక్కా నేను ఉతికి ఇచ్చిన' అన్నడు. ఎవరన్నా ఆ పోరడు?"

"షఫీ అని. టైల్స్ వేస్తాడు."

"సల్లగుండ. పానం బాగ చూసుకోమను. ఎండల పని."

ఖమరుద్దీన్ ఫోన్ పెట్టేశాడు. సింధూజ బుక్కు వైపు చూసింది. ఆటలు అల్ హైల్ గ్రౌండులోనే జరుగుతున్నాయనీ, చూస్తున్నది కార్లలో కూర్చున్న ఇరవై మందేననీ ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఇంకా ఎన్ని ఊళ్లలో, ఎన్ని గోడల మీద, ఎవరెవరు తమ పేరు పక్కన అంకె చూసుకుంటున్నారో. ఈ గెలుపు ఎంత వెడల్పుదో ఆమె లెక్కల్లో ఎక్కడా లేదు.

ఖమరుద్దీన్ తన పేరున్న చోట వేలు పెట్టాడు.

"ఆ చొక్కా ఇంకా ఉండాదా?" అన్నాడు జితేందర్‌తో. "ఇరవై రెండేండ్లాయె నేను మోకాలు విరగ్గొట్టుకొని మానేసి. చినిగిపోయింటాదనుకున్నా."

"మూడుసార్లు చినిగింది. ఇది నాలుగోది. పేరు మీదే."

"నేను ఏడేండ్లు ఆడినా. మొత్తం తీసింది పద్నాలుగు వికెట్లు." బుక్కులోంచి తలెత్తలేదు. "శుక్రవారం పొద్దున నాకు షాపులో గిరాకీ. ఈ ఏడు ఒక్క ఆటా సూడలేదు. అంకెలు వస్తాయి, రాసుకుంటా. ముప్పై ఒకటి అంటే... ఎట్ల తీసినాడమ్మా?"

సింధూజకు ఆ ప్రశ్నతో ఊపిరి వచ్చినట్టయింది. స్టూలు ముందుకు జరుపుకుంది.

"ఆయన పరుగెత్తరండీ. నాలుగు అడుగులు నడుస్తారు, అంతే. చెయ్యి పైకి వెళ్లాక, ట్యాంకరు వాల్వు తిప్పినట్టు మణికట్టు తిప్పుతారు. బంతి మీదకొస్తున్నట్టే వచ్చి, పడ్డాక పక్కకు వెళ్లిపోతుంది. అయిదో ఆటలో, ఇదిగో ఈ పేజీ, ఖురియాత్ మీద ఎనిమిది బంతుల్లో అయిదు వికెట్లు. మూడోవాడు అవుటయ్యాక నాలుగోవాడు బ్యాటు వెనక దాక్కోవాలని చూశాడు. స్టంపు విరిగి రెండు ముక్కలైంది. వేరే స్టంపు లేక ప్లాస్టిక్ పైపు పాతారు. దాన్నీ పడగొట్టారు. సెమీఫైనల్లో ఒకాయన అవుటై వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చి ట్యాంకర్ అన్న చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు, లోపల ఏమన్నా దాచాడేమోనని. ట్యాంకర్ అన్న ఏం చేశారో తెలుసా? రెండో చెయ్యి కూడా చూపించారు."

ఖమరుద్దీన్ నవ్వలేదు. చెంప మీద చెయ్యి వేసుకుని, కథ వింటున్న పిల్లాడిలా వింటున్నాడు. ఆమె పేజీ తర్వాత పేజీ చెప్పింది. ముప్పై ఒక్కటీ చెప్పింది. ఏ బంతి, ఎవరి స్టంపు, ఎవరు క్యాచ్ పట్టారు, పట్టినవాడు ఇసుకలో ఎంత దూరం జారాడు. మధ్యలో ఇద్దరు గిరాకీలు వచ్చి, కొలతలు ఇవ్వడానికి నిలబడి, వాళ్లూ విన్నారు. తెలుగు రాని బలూచీ ముసలాయన చివరిదాకా ఉండి, "మాషా అల్లా" అని వెళ్లిపోయాడు.

"ముప్పై ఒకటి," అన్నాడు ఖమరుద్దీన్. "నా పేరు మీద." టేపు మెడలోంచి తీసి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "కానీ రూలు రూలే జితేందర్. నా పేరుండాదని నేను వదిలేస్తే రేపు నన్నెవురు నమ్ముతారు? సువైక్ వాళ్లకు నష్టం. వాళ్ల మాట వినకుండా నేనేమీ చెయ్యలేను."

సువైక్ కెప్టెన్ తారిఖ్‌ది హైదరాబాదు, ఖర్జూరాల గోదాములో పని. ఖమరుద్దీన్ అతనికి స్పీకర్ మీద ఫోన్ చేసి విషయమంతా చెప్పి, రూలు ప్రకారం కప్పు నీది కావచ్చన్నాడు. సింధూజ తన చీర కొంగు ముడి వేస్తూ విప్పుతూ కూర్చుంది.

"సెక్రటరీ సాబ్, మజాక్ జేస్తున్నరా?" అన్నాడు తారిఖ్. "ఎనభై మూడు రన్ల మార్ తిన్నం. కొట్టినోడు దేవయ్య అయితే ఏంది, షఫీ భాయ్ అయితే ఏంది? బాల్ నా నెత్తి మీదికెల్లి పోయింది, నేనే చూసిన. ఒకటి గాదు, ఆరు. ఆ కప్పు తెచ్చి రూముల పెట్టుకుంటే మావోళ్లే నాకు చాయ్ పొయ్యరు. నక్కో సాబ్."

"నోటి మాట చాలదు. రాసియ్యాల."

"రాస్త. పొద్దుగాల ఫజర్ నమాజు చదివి బయలెల్తా. ఇంకొక్కటి, ఆ ట్యాంకరోణ్ణి వచ్చే ఏడు మాకియ్యమని అడుగుండ్రి జర."

"గది అయ్యేది కాదు భాయ్," అన్నాడు జితేందర్, ఫోన్ వైపు వంగి.

బయట మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఖమరుద్దీన్ బుక్కు మూసి, రెండు చేతులతో సింధూజకు అందించాడు. టోపీ సర్దుకుంటూ షాపు గడప దగ్గర ఆగాడు.

"కమిటీకి ఈ రోజు ఇంతే చెప్తా. పేర్లు సరిచూడాల, రేపు తొమ్మిదికి తేలుస్తానని. రేపు పొద్దున ఆరు గంటలకు గ్రౌండుకు పదకొండు మందీ రావాల. ఆ చొక్కాలే తొడుక్కొని, కార్డులు చేతిలో పట్టుకొని. ఇద్దరు అంపైర్లనూ నేను పిలిపిస్తా, తారిఖ్ ఎట్లాగూ వస్తాడు. నువ్వు బుక్కు తీసుకొని రామ్మా. పేజీ పేజీకీ ఎవరిది ఏదో వాళ్లతోనే చెప్పించి, నువ్వు రాసిన పేరు పక్కన అసలు పేరు రాసి, అందరం సంతకాలు పెడ్తాం. నువ్వు రాసింది కొట్టెయ్యొద్దు, అదీ ఉండనీ."

"ఆరుకల్లా వస్తామండీ," అంది సింధూజ.

"ఆరు గాదు, మీరు అయిదున్నరకే రాండి. గంగారాంను తీసుకొని. అందరూ వచ్చేలోపల వాడు నాకు ఒక ఓవరు వెయ్యాల. ఆరు బంతులు. పెద్దాయన గదా అని మెల్లగా వేస్తే సంతకం పెట్టనని చెప్పు. ప్యాడ్లు జితేందర్ తెస్తాడు. బ్యాటు నేను తెచ్చుకుంటా."